సాఫ్ట్‌వేర్ ఇంజనీరు: ఒక హోదా చరిత్ర - కుత్బుల్లాపూర్, మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతాల నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం

వైద్యుడు, న్యాయవాది, ఆర్కిటెక్టు అనే పేర్లను ఎవరు వాడుకోవచ్చో భారతదేశంలో చట్టాలు నిర్ణయించాయి. ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీరు’ అనే పేరుకు అటువంటి చట్టం లేదు. అయినా గత మూడు దశాబ్దాల తెలుగు సమాజంలో ఇంతటి గౌరవాన్ని, ఆదాయాన్ని, వలస అవకాశాన్ని తెచ్చిన వృత్తినామం మరొకటి అరుదు. చట్టం ఖాళీగా వదిలిన చోట ఈ పేరుకు అర్హతను ఎవరు నిర్ణయించారన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. పట్టా, శిక్షణ పత్రం, నియామక పత్రం, వీసా అనే నాలుగు కాగితాలు ఆ పని చేశాయని, వాటిలో ఏదీ వృత్తిపరమైన బాధ్యతను మోయలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హైదరాబాద్ ఉత్తర శివార్లలోని పారిశ్రామిక, విద్యా చరిత్ర ఇందుకు ఆధారం.

కీలకపదాలు: సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, వృత్తినామం, అర్హత, కుత్బుల్లాపూర్, జీడిమెట్ల, షామీర్‌పేట, అమీర్‌పేట, హెచ్-1బి వీసా, వృత్తి బాధ్యత.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ ఉత్తర శివార్లలోని షామీర్‌పేట పరిసరాల్లో రెండు ప్రసిద్ధ విద్యాసంస్థలున్నాయి. ఒకటి 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం. రెండవది 2008లో అప్పటి షామీర్‌పేట మండల పరిధిలోని జవహర్‌నగర్‌లో ప్రారంభమైన బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం. మొదటి సంస్థలో పట్టా పొందిన విద్యార్థి మరునాడే ఇంటిముందు ‘అడ్వకేట్’ అని బోర్డు పెట్టుకోలేడు. 1961 నాటి అడ్వకేట్ల చట్టం ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 2010లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తెచ్చిన నిబంధన మేరకు అఖిల భారత బార్ పరీక్షలో ఉత్తీర్ణుడు కావాలి. ఆ తరువాత కూడా వృత్తిలో తప్పు చేస్తే విచారించి పేరు తొలగించే అధికారం కౌన్సిల్‌కు ఉంటుంది.

రెండవ సంస్థలో కంప్యూటర్ సైన్స్ చదివిన విద్యార్థికి ఈ మెట్లేవీ లేవు. ఉద్యోగ నియామక పత్రం చేతికందిన రోజే అతడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నియామక పత్రం లేకుండా ఆ పేరు పెట్టుకున్నా, అసలు పట్టాయే లేకుండా పెట్టుకున్నా, ఏ వృత్తి మండలీ అభ్యంతరం చెప్పదు. రెండు పట్టాలకూ సమాజంలో గౌరవం ఉంది. ఒక పట్టా వెనుక మాత్రమే చట్టబద్ధమైన వృత్తినామం ఉంది.

ఈ తేడా ఎలా ఏర్పడిందో తెలుసుకోవడానికి ‘ఇంజనీరు’ అనే పదం తెలుగు నేలపై నడిచిన దారిని ముందుగా పరిశీలించాలి.

2. ఇంజనీరు: పదవి నుంచి పట్టాకు

తెలుగువారికి ‘ఇంజనీరు’ అనే పదం మొదట పరిచయమైనది ప్రభుత్వోద్యోగ శ్రేణిగా. ప్రజా పనుల శాఖలో ఓవర్సీరు, అసిస్టెంట్ ఇంజనీరు, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, సూపరింటెండింగ్ ఇంజనీరు, చీఫ్ ఇంజనీరు అనే వరుస పదవుల వరుసే. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ సైనిక ఇంజనీరు. నిజాం రాజ్యంలో నిజాంసాగర్ వంటి నిర్మాణాలకు రూపమిచ్చిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో చదివి వచ్చి ప్రభుత్వ సేవలో ఎదిగినవాడు. ఈ దశలో పేరును ఇచ్చినది కొలువు. కట్ట తెగితే జవాబు చెప్పవలసినదీ ఆ కొలువే. పేరూ బాధ్యతా ఒకే ఉత్తర్వులో వచ్చేవి.

చదువు ఆ పేరుకు ఆధారం కావడం క్రమంగా జరిగింది. మద్రాసులో 1794లో సర్వే పాఠశాలగా మొదలైన సంస్థ తరువాత గిండీ ఇంజనీరింగ్ కళాశాలగా పెరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1929లో, కాకినాడలో 1946లో ఇంజనీరింగ్ కళాశాలలు, వరంగల్‌లో 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల వచ్చాయి. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం 1972లో ఏర్పడింది. పట్టాభద్రుల సంఖ్య పెరిగేకొద్దీ పదవితో నిమిత్తం లేకుండా పట్టా పొందినవాడినే ఇంజనీరు అనడం వాడుక అయింది.

కళాశాలకు వెళ్లలేని ఉద్యోగులకు మరో దారి ఉండేది. 1920లో ఏర్పడి 1935లో రాయల్ చార్టర్ పొందిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ (ఇండియా) నిర్వహించే ఏఎంఐఈ పరీక్షలు డిప్లొమాతో ఉద్యోగంలో చేరినవారికి పనిచేస్తూనే ఇంజనీరు స్థాయిని అందుకునే అవకాశమిచ్చాయి. 2013 మే 31 వరకు నమోదైనవారికే ఆ పరీక్షలకు డిగ్రీతో సమానత్వం లభించింది. పనిచేస్తూ పైకెక్కే నిచ్చెనలలో ఒకటి అలా తొలగిపోయింది.

3. చట్టం కాపాడిన పేర్లు, వదిలిన పేరు

స్వతంత్ర భారతం కొన్ని వృత్తులకు కంచె వేసింది. చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949లో, వైద్యులకు 1956లో, న్యాయవాదులకు 1961లో, ఆర్కిటెక్టులకు 1972లో చట్టాలు వచ్చాయి. ఈ కంచెలు ఒకే రకమైనవి కావు. న్యాయవాద చట్టం వృత్తి నిర్వహణనే నియంత్రిస్తుంది. ఆర్కిటెక్టుల చట్టం కాపాడేది ప్రధానంగా పేరును. 2020లో కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్, ముఖేశ్ గోయల్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ సంగతిని స్పష్టం చేసింది. ఆ చట్టంలోని 37వ సెక్షన్ నమోదు కానివారు ఆర్కిటెక్టు అనే పేరు వాడుకోవడాన్ని నిషేధిస్తుందే తప్ప, భవన రూపకల్పన పని చేయడాన్ని నిషేధించదని తీర్పు చెప్పింది.

ఇంజనీర్లకు ఈ రెండు రకాల కంచెలూ లేవు. 1987 నాటి ఏఐసీటీఈ చట్టం సాంకేతిక విద్యాసంస్థలను క్రమబద్ధం చేస్తుంది. చదివి బయటికొచ్చిన వ్యక్తి ఏ పని చేయవచ్చునో, ఏ పేరు పెట్టుకోవచ్చునో అది చెప్పదు. 2002లో ఏర్పడిన ఇంజనీరింగ్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చాలాకాలంగా కోరుతూ వచ్చిన ప్రత్యేక ఇంజనీర్ల చట్టం రూపు దాల్చలేదు.

పేరును చట్టం పట్టించుకోకపోయినా, పేరు చాటున ఉన్న పనిని న్యాయస్థానాలు పట్టించుకున్నాయి. ఒక ఉద్యోగి పారిశ్రామిక వివాదాల చట్టం కింద ‘వర్క్‌మన్’ అవునా కాదా అని తేల్చేటప్పుడు హోదా పేరు ప్రధానం కాదని, అతడు ప్రధానంగా చేసే పని స్వభావాన్నే చూడాలని సుప్రీంకోర్టు 1985లో అర్కాల్ గోవిందరాజరావు కేసులో నిర్ణయించింది. ఈ సూత్రం ప్రస్తుత చర్చకూ ఉపకరిస్తుంది.

4. కార్ఖానాల నేల: పనికి పత్రం

కుత్బుల్లాపూర్ ప్రాంతానికి సాఫ్ట్‌వేర్ కంటే ముందు కార్ఖానాల చరిత్ర ఉంది. చింతల్‌లో హెచ్‌ఎంటీ, పక్కనే బాలానగర్‌లో ఐడీపీఎల్, 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, ఆ తరువాత విస్తరించిన జీడిమెట్ల పారిశ్రామికవాడ ఈ ప్రాంతానికి శ్రామిక స్వభావాన్నిచ్చాయి. ఇక్కడ ఫిట్టరు, టర్నరు, వెల్డరు అనేవి నేర్చిన పనికి పేర్లు. ఐటీఐ పత్రం, 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద శిక్షణ, ఆపై యంత్రం ముందు నిలబడి చూపే నేర్పు ఆ పేర్లకు ఆధారం.

ప్రాణాపాయం ఉన్న పనుల విషయంలో ఈ కార్ఖానాల్లో నియమం మరింత కఠినంగా ఉండేది. రసాయన, ఔషధ పరిశ్రమల్లో ఆవిరిని అందించే బాయిలరు సంగతి చూడవచ్చు. 2025 వరకు అమలులో ఉన్న 1923 నాటి భారతీయ బాయిలర్ల చట్టం, దాని కింద రూపొందిన నియమావళి ప్రకారం బాయిలరును చూసుకునే అటెండెంటుకు పరీక్షలో నెగ్గి పొందిన యోగ్యతాపత్రం ఉండవలసి వచ్చేది. పెద్ద బాయిలర్లకు ‘బాయిలర్ ఆపరేషన్ ఇంజనీరు’ పర్యవేక్షణ అవసరం. అతడు విశ్వవిద్యాలయ పట్టాతో ఆగిపోకుండా ప్రత్యేక పరీక్షలో యోగ్యత నిరూపించుకోవాలి. విద్యుత్ పనులకూ ఇటువంటి ఏర్పాటే ఉంది. అనుమతి పొందిన కాంట్రాక్టరు, యోగ్యతాపత్రం ఉన్న సూపర్‌వైజరు లేకుండా కార్ఖానాలో విద్యుత్ సంస్థాపన పనులు జరగరాదు. కొంపల్లి, నిజాంపేటల్లో లేచిన బహుళ అంతస్తుల భవనాలకు సైతం లైసెన్సు పొందిన స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం ఉండాలని 2012 నాటి భవన నిబంధనలు కోరాయి.

ఈ మూడు ఉదాహరణల్లోనూ చట్టం ‘ఇంజనీరు’ అనే సాధారణ నామాన్ని ఎవరికీ పరిమితం చేయలేదు. ఫలానా పనికి ఫలానా పరీక్ష, ఫలానా సంతకం అని నిర్దేశించింది. అదే కార్ఖానాలో బాయిలరు పీడనాన్ని, రసాయన చర్యల ఉష్ణోగ్రతను నియంత్రించే కంప్యూటర్ కార్యక్రమం రాసిన వ్యక్తికి మాత్రం వ్యక్తిగత యోగ్యతాపత్రం ఏదీ అవసరం లేదు. బొగ్గు వేసే చేతికి ఉన్న పరీక్ష, ఆ చేతి స్థానంలోకి వచ్చిన కార్యక్రమాన్ని రాసిన చేతికి లేదు.

5. కళాశాల దారి, అమీర్‌పేట దారి

హైదరాబాద్‌లో కంప్యూటర్ పరిశ్రమకు తొలి అడుగు ప్రభుత్వ రంగం వేసింది. 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 కంప్యూటరును రూపొందించింది. ఆ తరం వాడుకలో ఉన్న హోదాలు ‘ప్రోగ్రామర్’, ‘సిస్టమ్స్ అనలిస్ట్’. 1987లో సత్యం కంప్యూటర్స్ స్థాపన, 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభం నాటికి ప్రైవేటు సంస్థల నియామక పత్రాల్లో ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీరు’ స్థిరపడింది. పాత ఇంజనీరు పదవికున్న గౌరవాన్ని కొత్త ఉద్యోగానికి అంటించిన పేరు అది.

ఆ పేరుకు మొదటి దారి ఇంజనీరింగ్ కళాశాల. 1970ల చివర ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ప్రైవేటు కళాశాలలు, 1983 నాటి క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం, 1986 నుంచి ఎంసెట్, 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు, 2008లో మొదలైన బోధనా రుసుముల తిరిగి చెల్లింపు పథకం ఈ విద్య విస్తరణకు మలుపులు. బాచుపల్లిలో వీఎన్ఆర్ విజ్ఞాన జ్యోతి (1995), గోకరాజు రంగరాజు (1997) కళాశాలలు, దుండిగల్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోనాటికల్ ఇంజనీరింగ్ (2000) అప్పటి కుత్బుల్లాపూర్ మండలంలోనే వెలిశాయి. మైసమ్మగూడ, దూలపల్లి, కండ్లకోయ పరిసరాలూ కళాశాలల నేలగా మారాయి. జీడిమెట్ల కార్మికుని బిడ్డ బస్సు దూరంలోనే ఇంజనీరింగ్ చదవగలిగే స్థితి ఏర్పడింది. 2022లో కండ్లకోయలో ఐటీ పార్కుకు శంకుస్థాపన జరగడం ఈ క్రమానికి కొనసాగింపు.

అయితే కంపెనీలు ప్రాంగణ నియామకాల్లో ఇంజనీరింగ్‌లోని ఏ శాఖవారినైనా తీసుకోవడంతో ఒక వింత స్థితి ఏర్పడింది. సివిల్, మెకానికల్ చదివినవారు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లయ్యారు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన విద్యార్థికి మాత్రం అదే సంస్థలో వేరే శ్రేణి, వేరే జీతం దక్కడం సాధారణమైంది. ఇక్కడ పట్టా విషయ పరిజ్ఞానాన్ని సూచించలేదు. వడపోతకు జల్లెడగా పనిచేసింది.

రెండవ దారి అమీర్‌పేట. మైత్రీవనం పరిసరాల్లోని శిక్షణ కేంద్రాలు 2000 సంవత్సర సమస్య కాలంలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ పాఠాలతో, తరువాత జావా, ఒరాకిల్, శాప్ పాఠాలతో కళాశాల నేర్పనిదాన్ని కొద్ది నెలల్లో నేర్పాయి. మానవశాస్త్రవేత్త షియాంగ్ బియావో 2007లో వెలువరించిన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ గ్రంథం తెలుగు ఐటీ కార్మికులను, వారిని విదేశాలకు పంపే మధ్యవర్తుల వలయాన్ని, ఆ చదువు ఖర్చుకూ వరకట్నానికీ ఉన్న సంబంధాన్ని విశ్లేషించింది. ‘అబ్బాయి సాఫ్ట్‌వేర్’ అనే మాట పెళ్లి సంబంధాల్లో పూర్తి వాక్యంగా చెల్లుబాటు కావడం ఈ కాలపు భాషాపరిణామమే.

పట్టా ఒకచోట, నేర్పు మరోచోట లభించినప్పుడు రెంటి మధ్య సందులో నకిలీ అనుభవ పత్రాలు పుట్టుకొచ్చాయి. అటువంటి మోసాలకు అడ్డుకట్టగా పరిశ్రమ తెచ్చిన ఏర్పాటు గమనార్హం. నాస్కామ్ చొరవతో 2006లో నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ ప్రారంభమైంది. పేరులో నైపుణ్యం ఉన్నా, అది నమోదు చేసినది ఉద్యోగి గుర్తింపు, చదువు, గత ఉద్యోగాల వివరాలు. ఈ వ్యక్తి ఎవరు అనే ప్రశ్నకు అది జవాబిచ్చింది. ఈ వ్యక్తి పని ఎంత నమ్మదగినది అనే ప్రశ్న అలాగే మిగిలింది.

6. వీసా రాసిన నిర్వచనం

భారతీయ చట్టం నిర్వచించని ఈ వృత్తిని, అమెరికా వలస చట్టం పరోక్షంగా నిర్వచించింది. 1990 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టంతో ప్రస్తుత రూపంలోకి వచ్చిన హెచ్-1బి వీసాకు ‘ప్రత్యేక వృత్తి’ అనే షరతు ఉంది. సంబంధిత విషయంలో కనీసం బ్యాచిలర్ డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత ఉండాలి. లోపించిన ఒక్కో విద్యా సంవత్సరానికి మూడేళ్ల వృత్తి అనుభవాన్ని సమానంగా లెక్కించే పద్ధతి ఉంది. మూడేళ్ల బీఎస్సీ చదివినవారు నాలుగేళ్ల అమెరికా డిగ్రీతో సమానత్వం కోసం అనుభవ పత్రాలను లెక్కగట్టుకునే అవసరం దీనితోనే వచ్చింది. వార్షిక పరిమితి 65,000 నుంచి 1999, 2000 ఆర్థిక సంవత్సరాల్లో 1,15,000కు, 2001 నుంచి 2003 వరకు 1,95,000కు పెరగడం తెలుగువారి వలసకు పెద్ద ఊతమైంది.

పేరు విలువ ఎంతటిదో 2017లో తేటతెల్లమైంది. ఆ సంవత్సరం మార్చి 31న అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ ‘కంప్యూటర్ ప్రోగ్రామర్’ ఉద్యోగాన్ని దానంతటదే ప్రత్యేక వృత్తిగా పరిగణించరాదని ఆదేశించింది. ఒకే మనిషి, ఒకే బల్ల, ఒకే పని. కాగితంపై ప్రోగ్రామర్ అని ఉన్నదా, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అని ఉన్నదా అన్నది కుటుంబం భవిష్యత్తును తాకే అంశమైంది. ఉద్యోగం పోయినవారు సాధారణంగా 60 రోజుల్లోగా మరో యజమానిని వెదుక్కోవాలి. న్యాయవాది కొలువు మానినా న్యాయవాదే. ఈ వృత్తిలో పేరు యజమాని ఇచ్చినది కావడంతో, యజమానితోపాటే పోయే ప్రమాదం దానికి ఉంది.

7. ఇతర దేశాల వివాదాలు

‘సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్’ అనే మాట పుట్టుకలోనే ఒక సవాలు ఉంది. 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో జరిపిన సదస్సు ఆ పేరును ఉద్దేశపూర్వకంగానే ఎంచుకుంది. వంతెనలు కట్టేవారికున్న సిద్ధాంత బలం, క్రమశిక్షణ కంప్యూటర్ కార్యక్రమాలు రాసేవారికి ఇంకా రాలేదని, అవి రావాలని గుర్తుచేయడం దాని ఉద్దేశం. అక్కడ ఆ పదం ఒక ఆకాంక్ష. తెలుగు నేలకు చేరేసరికి అది ఉద్యోగ శ్రేణి అయింది.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం 1998లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకు లైసెన్సు విధానం తెచ్చింది. కంప్యూటర్ నిపుణుల ప్రధాన సంఘం ఏసీఎం 1999లో ఆ ప్రయత్నాల నుంచి వైదొలగింది. ఈ శాస్త్రం ఇంకా అంత పరిణతి చెందలేదని, లైసెన్సు ఉన్నంత మాత్రాన కార్యక్రమం సురక్షితమని హామీ ఇవ్వలేమని దాని వాదన. 2013లో మొదలైన జాతీయ స్థాయి లైసెన్సు పరీక్ష అభ్యర్థులు తగినంత లేక 2019లో ఆగిపోయింది.

కెనడాలో కథ వేరు. అక్కడ ఇంజనీరు అనే పేరు చట్టరక్షితం. అమీర్‌పేట బోర్డులపై సుపరిచితమైన ఎంసీఎస్ఈ కోర్సు పేరులోని చివరి అక్షరం ‘ఇంజనీరు’. ఆ పేరు వాడినందుకు క్యూబెక్ ఇంజనీర్ల సంఘం వేసిన కేసులో మైక్రోసాఫ్ట్ కెనడాకు 2004లో జరిమానా పడింది. ఇక్కడ బస్టాపు గోడల మీద ప్రచారమైన పేరు అక్కడ నేరమైంది. అయితే 2023లో అల్బర్టా రాష్ట్రంలో ఇటువంటి వివాదంలోనే కోర్టు సాఫ్ట్‌వేర్ సంస్థ పక్షాన తీర్పిచ్చింది. ఆ ఏడాదే అక్కడి ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అనే పేరును ఆ ఆంక్ష నుంచి తప్పించేలా చట్టాన్ని సవరించింది. కంచె గట్టిగా వేసిన చోటనే అది సడలుతున్నది.

8. పేరు తెరిచి ఉంటే బాధ్యత ఎవరిది?

ఈ పేరును డిగ్రీతో బంధించాలనే వాదన తరచూ వినిపిస్తుంది. దానివల్ల నష్టపోయేదెవరో 2017 నవంబరు 3న ఒరిస్సా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సూచిస్తుంది. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ పట్టాలిచ్చాయి. 2001 నుంచి 2005 వరకు చేరినవారి పట్టాలను కోర్టు నిలిపివేసి, ఏఐసీటీఈ పరీక్షలో నెగ్గితేనే అవి నిలుస్తాయని చెప్పింది. ఆ తరువాత చేరినవారి పట్టాలు రద్దయ్యాయి. తప్పు సంస్థలది. శిక్షలో పెద్ద భాగం ఉద్యోగం చేస్తూ చదువుకున్నవారికి పడింది. అయినా తీర్పులో ఒక ఆలోచన విలువైనది. చదివిన దారి సందేహాస్పదమైనప్పుడు నేర్పును పరీక్షించి చూడవచ్చునని అది అంగీకరించింది.

పేరు పూర్తిగా తెరిచి ఉంచితే మరో చిక్కు ఉంది. 2009 జనవరి 7న సత్యం కుంభకోణం బయటపడినప్పుడు లెక్కలు తనిఖీ చేసిన ఆడిటర్లపై చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ క్రమశిక్షణ చర్యలు తీసుకోగలిగింది. వారి పేరు ఒక పట్టికలో ఉంది, తొలగించడానికి ఒక మండలి ఉంది. సాఫ్ట్‌వేర్ లోపం వల్ల రోగికి, ప్రయాణికునికి హాని జరిగితే వృత్తిపరంగా విచారించగల మండలి లేదు. వైద్య పరికరాల నిబంధనల పరిధిలోకి 2020లో సాఫ్ట్‌వేర్ వచ్చినా, అవి వస్తువును, దాని తయారీదారును నియంత్రిస్తాయి. లోపాన్ని ముందే గుర్తించి ‘ఇది విడుదల చేయరాదు’ అన్న ఉద్యోగికి, స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకానికి ఉన్న బలం లేదు. వృత్తినామం వ్యక్తిపై బాధ్యతను మోపడంతో ఆగదు, యజమానికి ఎదురు చెప్పే అధికారాన్నీ ఇస్తుంది. తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు దక్కనిది ఈ రెండవదే.

9. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ విషయాలు తేలుతున్నాయి.

- భారతదేశంలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అనే పేరుకు చట్టబద్ధమైన అర్హత నిర్దేశం లేదు. ఆచరణలో దాన్ని నియామక పత్రం ఇస్తున్నది.
- పట్టా ప్రవేశాన్ని, అమీర్‌పేట పత్రం నేర్పును, వీసా వలసను నిర్ణయించాయి. ఈ కాగితాలు వ్యక్తి దాటివచ్చిన గడపలను చెప్పాయి. అతడు ఎవరికి జవాబుదారీయో చెప్పలేదు.
- పేరు తెరిచి ఉండటం గ్రామీణ, శ్రామిక కుటుంబాల నుంచి వచ్చిన మొదటి తరం విద్యార్థులకు మేలు చేసింది. దాన్ని డిగ్రీకే పరిమితం చేస్తే ఆ మేలు పోతుంది.
- జీడిమెట్ల కార్ఖానాల అనుభవంలో మరో మార్గం ఉంది. పేరును అందరికీ వదిలి, ప్రాణం మీదికి తెచ్చే పనికి మాత్రం యోగ్యతాపరీక్షను, పేరు పెట్టి చేసే సంతకాన్ని కోరడం ఆ మార్గం. ఆ పరీక్ష రాయడానికి పట్టా ఒక్కటే ద్వారం కానవసరం లేదు.

‘సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అనిపించుకోవడానికి ఎవరు అర్హులు?’ అనే ప్రశ్నకు చదువును కొలిచి ఇచ్చే జవాబు అసంపూర్ణం. తాను రాసినదాని కింద సంతకం చేయగలిగినవాడు, చేయకూడనప్పుడు నిరాకరించగలిగినవాడు అర్హుడు. ఆ నిరాకరణకు రక్షణ కల్పించే వ్యవస్థ ఏర్పడేవరకు ఈ పేరు ఉద్యోగ శ్రేణిగానే మిగులుతుంది. షామీర్‌పేటలో చదివిన న్యాయ విద్యార్థికీ, కంప్యూటర్ విద్యార్థికీ మధ్య ఉన్న అసలు దూరం అదే.